దేవకుమార్ గారి ఆరో రాత్రి

టెక్సాస్‌లోని మా ప్లేనో తెలుగు క్రైస్తవ సంఘానికి పాతికేళ్లు నిండాయని సావనీరు వేస్తున్నాం. సంఘ పెద్దలు ఏడుగురి గురించి తలా అర పేజీ రాసే పని సెక్రటరీనైన నాకు అప్పగించారు. ఆరుగురితో ఇబ్బంది రాలేదు. అందరూ దైవభక్తిపరులు, సేవాతత్పరులు, మంచి తండ్రులు. ముగ్గురికి పేర్లు మార్చి ఒకే పేరా వాడాను, ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. దేవకుమార్ గారి అర పేజీ మాత్రం అర పేజీలో ఆగలేదు. కమిటీ వాళ్లు కత్తిరించుకుంటే కత్తిరించుకోనీ, నేను రాసేది రాస్తాను.

ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. సొంతూరు నరసాపురం దగ్గర. ఉద్యోగం ఒక కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్. అంటే ఎక్కడ ఏ సిస్టం ఆగిపోయినా ముందు మోగేది ఆయన ఫోనే. ఆఫీసు వాళ్లు చేయనప్పుడు మేం చేస్తాం. ఆయనకు ఏడు సీట్ల వ్యాను ఉంది. డాలస్ ఎయిర్‌పోర్టులో మా సంఘం మనిషి దిగినా, ఆ మనిషి అత్తగారు దిగినా, ఆ అత్తగారికి విమానంలో పక్క సీట్లో పరిచయమైన పెద్దాయన దిగినా, తీసుకొచ్చేది దేవకుమార్ గారే. ఎవరు, ఎందుకు, ఎన్ని పెట్టెలు అని ఆయన అడగరు. ఒక్కటే మాట: "టెర్మినల్ ఏదండి?" ఆయన అమెరికా వచ్చిన ఇరవై ఆరేళ్లలో ఆయన నోట ఇంకో జవాబు ఎవరూ వినలేదు.

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పాలి. మా సంఘంలో ఎవరూ ఎవరికీ కుదరదని చెప్పరు. మొహమాటం. "ప్రార్థన చేసి చెప్తాను బ్రదర్" అంటారు. కుదరదని దానర్థం. అన్నవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు. ఆ తరువాత ఎవరూ ఏమీ చెప్పరు, ఎవరూ మళ్లీ అడగరు. నేను ఏడాదికి నలభై సార్లన్నా అంటాను. వాటిలో నిజంగా మోకరించినవి లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు ఎక్కువ. దేవకుమార్ గారు మాత్రం ఆ మాట ఎన్నడూ వాడలేదు.

అలాంటి మనిషికి ఒక కోరిక పుట్టింది. పంటి డాక్టరు గారి వెయిటింగ్ రూములో పుట్టింది. గోడ మీద క్యాలెండర్‌లో అక్టోబరు నెల బొమ్మ స్కాట్లాండ్ కొండలు. కొండల మధ్య ఒక రాతి గుడిసె, దాని గోడకు చేరవేసిన ఒక సైకిల్. మనుషులెవరూ లేరు. ఆయన ఆ బొమ్మను నలభై నిమిషాలు చూశారట. వెళ్లేటప్పుడు ఆ కాగితం ఇస్తారా అని అడిగితే, నెలకు ఇంకా తొమ్మిది రోజులున్నా రిసెప్షనిస్టు చింపి ఇచ్చింది. పంటి నరానికి మందు పెట్టిన మనిషి కళ్లలో నీళ్లు చూసి జాలిపడి ఉంటుంది. ఆ నీళ్లు పంటివి కావని ఆయన నాకు చాలా రోజుల తరువాత చెప్పారు.

అలాంటి గుడిసెను అక్కడ బోథీ అంటారు. తాళం ఉండదు, కరెంటు ఉండదు, అద్దె ఉండదు. కొండదారిలో వెళ్లేవాడు తలుపు తోసుకుని వెళ్లి పడుకోవచ్చు. "ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదండి," అన్నారు ఆయన, స్వర్గం గురించి చెప్పే గొంతుతో. "ఎవరూ మనకి చేయలేరు కూడా. సిగ్నల్ ఉండదు."

అప్పటినుంచి పధ్నాలుగు నెలలు ప్లాన్ చేశారు. స్కాట్లాండ్ కొండల మ్యాపులు నాలుగు తెప్పించి గరాజ్ గోడకు అతికించారు. గ్లాస్గోలో మొదలు, అబర్డీన్‌లో చివర, మధ్యలో మూడు వందల పది మైళ్ల ఎర్ర గీత. తొమ్మిది రాత్రులు, పది పగళ్లు. తారు రోడ్డు నలభై మైళ్లకు మించకూడదని నియమం. మిగతాదంతా గొర్రెలు నడిచే దారులు, పాతకాలపు సైన్యం వేసిన రాళ్ల బాటలు, వంతెన లేని వాగులు. కొన్నిచోట్ల సైకిల్ మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి. ఏ వాగు ఎంత వానకు ఎంత లోతవుతుందో, దాటలేకపోతే ఏ దారిన వెనక్కి రావాలో, ఏ ఊళ్లో కొట్టు ఆదివారం మూసేస్తారో, అన్నీ రాసుకున్నారు. మేలోనే వెళ్లాలి, జూన్ దాటితే కంటికి కనపడని దోమలు మనిషిని తినేస్తాయి. ఆరో రాత్రి గ్లెన్ ఫెషీ అనే లోయలో బోథీ. మ్యాపులో అక్కడ ఒక చిన్న నక్షత్రం గీశారు. ఆయన మొత్తం ప్లానులో అవసరం లేని గుర్తు అదొక్కటే.

ప్లేనోలో కొండ లేదు. గుట్ట కూడా లేదు. అందుకని ఆఫీసు పార్కింగ్ గరాజ్‌లో ఆరు అంతస్తుల ర్యాంపు మీద శనివారం పొద్దున్నే ఇరవై సార్లు ఎక్కి దిగేవారు. మూడో వారం సెక్యూరిటీ అతను ఆపి ఏం పోగొట్టుకున్నారని అడిగాడు. స్కాట్లాండ్ వెళ్తున్నానని ఈయన చెప్పారు. అతను కాసేపు ఆలోచించి, ఇటువైపు దారి లేదన్నాడు.

సామాను మొత్తం పదకొండు కిలోలు దాటకూడదు. వంటింటి త్రాసు గరాజ్‌లోకి వచ్చింది. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేశారు, ఆరు గ్రాములు తగ్గింది. బనియన్ల లేబుళ్లు కత్తిరించారు. జేబులో పట్టే బైబిల్ కొత్త నిబంధన పుస్తకం నూట నలభై రెండు గ్రాములు తూగింది. దాన్ని రెండు రోజులు చేతిలో పట్టుకుని తిరిగి, చివరికి గుడారం మేకుల్లో కొన్ని తీసి పక్కన పెట్టారు.

జనవరిలో మోకాళ్ల డాక్టరు ఎక్స్‌రేలు చూసి, రెండూ అరిగిపోయాయి, సెప్టెంబరులో మార్చేద్దాం అన్నాడు. తరువాత సైకిల్ తొక్కవచ్చు గానీ రాళ్లలో కాదు, బరువు మోస్తూ అసలే కాదు. అంటే ఈ మే తప్పితే ఇంకో మే లేదు. దేవకుమార్ గారు ఇంటికొచ్చి మ్యాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భార్య విమలకుమారి గారు టీ తెచ్చి పక్కన పెట్టి, "వెళ్లిరండి," అన్నారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఎక్కువ మాట్లాడరు.

ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున మాత్రం మాట్లాడారు. చర్చికి బయల్దేరుతూ, "ప్రార్థన మనవుల్లో ప్రయాణం ఉంది అని చెప్పండి చాలు. ఏ దేశమో చెప్పకండి," అన్నారు.

"దేవుడికి తెలియొద్దా?"

"దేవుడికి తెలుసు. వీళ్లకి తెలియక్కర్లేదు."

ప్రార్థన మనవుల సమయంలో దేవకుమార్ గారు లేచి నిలబడ్డారు. "వచ్చే నెల స్కాట్లాండ్ ప్రయాణం ఉందండి. దయచేసి ప్రార్థించండి," అన్నారు. విమలకుమారి గారు కళ్లు మూసుకున్నారు. అప్పటికింకా ప్రార్థన మొదలు కాలేదు.

ఆరాధన తరువాత ప్రేమ విందు ఉంటుంది. పలావు పళ్లెంలో పడేలోగా మొదటి మనిషి ఆయన దగ్గరికి వెళ్లాడు. ఆ మొదటి మనిషిని నేనే. దాచడం దేనికి. మా చెల్లెలి కూతురు ప్రణీత డండీలో చదువుతోంది. "చిన్న పొట్లం బ్రదర్, గోంగూర పచ్చడి. మీ దారిలోనేగా," అన్నాను. డండీ ఆయన దారిలో ఉందో లేదో నాకు తెలియదు. మా సంఘంలో ఎవరం స్కాట్లాండ్ మ్యాపు చూసినవాళ్లం కాదు.

ఆయన నోరు తెరిచారు. టెర్మినల్ లేదు కాబట్టి ఆ ప్రశ్న కుదరలేదు. "అలాగేనండి," అన్నారు.

ఇక వరస మొదలైంది. క్వయర్ లీడర్ గారి బావమరిది ఇన్వర్నెస్‌లో డాక్టరు. ఒకరి తోడికోడలు స్టిర్లింగ్‌లో ఉంది, ఒకరి స్నేహితులు పెర్త్‌లో, ఇంకొకరి మరిది అబర్డీన్‌లో. పాస్టర్ గారి అత్తగారికి గ్లాస్గోలో పాలకొల్లు వాళ్లు రెండు కుటుంబాలు తెలుసు. అక్కడ సంఘం చీలిపోయి ఆ రెండు ఇళ్లకూ మాటల్లేవు. ఒకరింట్లో ఉండి ఇంకొకరింట్లో ఉండకపోతే తప్పు పడతారు కాబట్టి చెరో రాత్రి ఉండాలి. మన పద్ధతి తెలిసిందే కదా. పొట్లం గుమ్మంలో ఇచ్చి వెళ్లిపోవడం ఉండదు. లోపలికి వెళ్లాలి, భోంచేయాలి, ఆ ఇంటి కోసం ప్రార్థన చేయాలి, పడుకోవాలి, పొద్దున ఇడ్లీ తినకుండా కదలనివ్వరు. ఒక్కో పొట్లం ఒక్కో రాత్రి. డాక్టరు గారైతే ఫోన్ చేసి రెండు రాత్రులు తన దగ్గరే అని తేల్చేశారు. స్టిర్లింగ్ నుంచి ఇన్వర్నెస్‌కు నూట యాభై మైళ్లండి అని ఈయన అంటే, "కార్లో వచ్చి పికప్ చేసుకుంటాను బ్రదర్. సైకిల్ డిక్కీలో పడేద్దాం," అన్నారట.

మూడు వారాల తరువాత నేను రెండో పొట్లం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పచ్చడి ఒక్కటే పంపితే బాగోదని మా ఆవిడ కందిపొడి కూడా చేసింది. గరాజ్ తలుపు తెరిచి ఉంది. లోపల బల్ల మీద పొట్లాలు, ప్రతిదాని మీదా తెల్ల టేపు, టేపు మీద ఊరి పేరు. మొత్తం పధ్నాలుగు కిలోలు. సైకిల్ బరువు పదమూడు. పూతరేకుల పెట్టె విడిగా ఒక కుర్చీలో ఉంది. "బరువు లేదు బ్రదర్, కాకపోతే నలగకూడదు" అని ఇచ్చినవాళ్లు చెప్పారట. కత్తిరించిన టూత్‌బ్రష్ ఆ కుర్చీ చేతి మీద ఉంది.

వాళ్లమ్మాయి జోసఫిన్ హ్యూస్టన్‌లో చదువు ముగించి అప్పుడే వచ్చింది. మ్యాపు ముందు నిలబడి ఉంది. ఎర్ర గీత మీద చాలాచోట్ల నీలం పెన్సిల్ గీతలు. అన్నీ తారు రోడ్లు.

"అంకుల్, యూ టెల్ మీ," అంది నన్ను చూసి. "ఇది రూట్ కాదు. ఇది డెలివరీ. నైన్ నైట్స్‌లో ఎయిట్ ఎవరెవరి ఇంట్లోనో. డాడీ ఒక్క మౌంటెన్ కూడా ఎక్కట్లేదు."

"ఒకటి ఉందమ్మా," అన్నారు దేవకుమార్ గారు. ఆరో రాత్రి చూపించారు. నక్షత్రం అలాగే ఉంది. "ఇన్వర్నెస్ నుంచి పెర్త్ వెళ్తూ ఇక్కడ ఆగుతాను. ఒక్క రాత్రి చాలు."

విమలకుమారి గారు లోపలినుంచి వచ్చి నా చేతిలో కందిపొడి చూశారు. నాతో ఏమీ అనలేదు. ఆయనతో అన్నారు. "మీతో ఒక అరగంట కార్లో కూర్చుని మాట్లాడాలంటే నేను కూడా ఎక్కడికన్నా వెళ్లి ఫ్లైట్‌లో దిగాలేమో. ఆ ఒక్క రాత్రైనా ఎవరికీ ఇవ్వకండి."

నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. అయినా చేతిలో పొట్లంతో వెనక్కి ఎలా వెళ్తాం? డండీ అని రాసి ఉన్నచోట పెట్టేసి వచ్చాను.

ఆ ఆదివారమే పాస్టర్ గారు ప్రకటనల్లో, ఎంతో సంతోషంతో, ఒక మాట చెప్పారు. ఎడిన్‌బరోలోని తెలుగు సహవాసం వారికి మన దేవకుమార్ గారి రాక సంగతి తెలిసింది. శనివారం సాయంత్రం ప్రత్యేక కూడిక పెట్టి, దేవుడు తనకు చేసిన మేళ్ల గురించి ఆయన చెప్పే సాక్ష్యం వినాలని వాళ్లు ఆశపడుతున్నారు. ఆయన వస్తారని తాను మాట ఇచ్చేశారు. జనం చప్పట్లు కొట్టారు. నేను ముందు వరసలో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆ శనివారం ఆరో రాత్రి.

విమలకుమారి గారు తల తిప్పి భర్తను చూడలేదు. ఎదురుగా ఉన్న సిలువనే చూస్తున్నారు. దేవకుమార్ గారు లేచారు. అలాగేనండి అంటారని పాస్టర్ గారు అప్పటికే తరువాతి ప్రకటన కాగితం తీశారు.

"ప్రార్థన చేసి చెప్తాను అయ్యగారూ."

ఆ మాట మేం వారానికి పదిసార్లు వింటాం. ఆయన నోట వినడం అదే మొదలు. వెనక వరసలో ఎవరో అయ్యో అన్నారు, మనిషి పోయినట్టు. పాస్టర్ గారు మెల్లగా కాగితం దించి, "మంచిది బ్రదర్," అన్నారు. అందరికీ అర్థమైంది. అక్కడితో ఆ సంగతి మాట్లాడకుండా వదిలేయాలి, అదీ పద్ధతి.

దేవకుమార్ గారికి ఆ పద్ధతి తెలియదు. ఎన్నడూ వాడనివాడికి ఎలా తెలుస్తుంది? తరువాతి ఆదివారం ఆరాధన మొదలవగానే చెయ్యెత్తారు.

"అయ్యగారూ, ప్రార్థన చేశానండి. సోమవారం నుంచి గురువారం దాకా చేశాను. జవాబు వచ్చింది."

అలా జవాబు తెచ్చిన మనిషి మా పాతికేళ్ల చరిత్రలో లేడు. పాస్టర్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏమని?"

"వెళ్లొద్దని."

"ఎడిన్‌బరోకా?"

"ఎడిన్‌బరోకి వద్దని వచ్చిందండి. గ్లాస్గోలో రెండిళ్లకీ వద్దని, స్టిర్లింగ్‌కి వద్దని, ఇన్వర్నెస్‌కి వద్దని, పెర్త్‌కీ డండీకీ వద్దని వచ్చింది. అబర్డీన్‌లో విమానం మాత్రం ఎక్కమని వచ్చింది." ఆయన ఆగలేదు. "నాకు ఒక్కడికే ఉండాలనుందండి. క్షమించండి. పొట్లాలన్నీ బయట బల్ల మీద పెట్టాను. పేర్లు రాసి ఉన్నాయి."

కూర్చున్నారు. దేవుడు స్పష్టంగా జవాబిస్తాడని పాస్టర్ గారు పదిహేనేళ్లుగా మాకు బోధిస్తున్నారు. ఇప్పుడు ఇవ్వలేదని ఎలా అంటారు? "దేవునికి స్తోత్రం," అన్నారు. మేమూ అన్నాం, కొంచెం చిన్నగా.

బయట బల్ల మీద ఎవరి పొట్లం వాళ్లు వెతుక్కున్నాం. పెళ్లి సంబంధం తప్పిపోయినవాళ్లలా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పూతరేకులు మాత్రం ఇచ్చినవాళ్లే విప్పి ప్రేమ విందులో పంచేశారు. చాలా బాగున్నాయి. ఆ సాయంత్రం ప్రణీతకు ఫోన్ చేసి పచ్చడి రావడం లేదని బాధగా చెప్పాను. "పర్లేదు మావయ్యా, ఇక్కడ ఇండియన్ షాప్‌లో దొరుకుతుంది," అంది. అదే బ్రాండు కూడా ఉందట.

మే నెలలో ఆయన వెళ్లారు, పన్నెండు రోజుల్లో తిరిగి వచ్చారు. ఎయిర్‌పోర్టుకు భార్య వెళ్లి తెచ్చుకుంది, మాలో ఎవరికీ చెప్పలేదు. సాక్ష్యాల సమయంలో అందరం ఆయన వైపు తిరిగాం. లేచి, "వెళ్లానండి. వచ్చానండి. ప్రభువుకి వందనాలు," అని కూర్చున్నారు. ఎముకలు కనిపించేంత చిక్కారు, ముక్కు మీద తోలు ఊడింది. పద్దెనిమిదేళ్ల పరిచయంలో ఆ మనిషి మొహం అంత తేటగా నేను చూడలేదు.

పార్కింగ్ లాట్‌లో పట్టుకున్నాను. "గుడిసె దొరికిందా బ్రదర్?"

"దొరికిందండి. ఎవరూ లేరు."

"ఏం చేశారు?"

"కూర్చున్నాను. ఉప్మా చేసుకున్నాను. మళ్లీ కూర్చున్నాను."

"భయమెయ్యలేదూ?"

"మొదటి గంట వేసిందండి. ఫోన్‌కి సిగ్నల్ లేదు కదా. ఎవరో ఎక్కడో దిగి నాకోసం చూస్తున్నారేమో అనిపించింది." కార్ తాళాలు చేతిలో తిప్పారు. "తర్వాత ప్రార్థన చేసుకుందామని కూర్చుంటే మీరంతా గుర్తొచ్చారు. డైరెక్టరీ వరసలో ఒక్కొక్కరి పేరూ చెప్పాను. నలభై ఒక్క ఇళ్లు. అక్కడ పొద్దుగూకేసరికి పది దాటుద్దండి, టైముంది."

"నాకోసం ఏం అడిగారు?" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పారు. "మీకేం కావాలో నాకు తెలియలేదండి. ఇన్నేళ్లలో మీరు నాకు ఫ్లైట్ టైమింగ్స్ తప్ప ఏం చెప్పలేదు. అందుకని ఊరికే పేరు చెప్పాను."

ఆయన వ్యాను వెళ్లిపోయాక కూడా నేను చాలాసేపు ఆ ఎండలో నిలబడి ఉన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆయన మోకాళ్ల సంగతి జనవరి నుంచి నాకు తెలుసు. ఎలా ఉన్నాయని ఒక్కసారి కూడా అడగలేదు.

సెప్టెంబరులో రెండు మోకాళ్లూ మార్చారు. మూడో వారం చూడటానికి వెళ్లాను. పొట్లం ఏమీ పట్టుకెళ్లలేదు. నొప్పి ఎలా ఉందని అడిగాను, చెప్పారు. కొండ మీద వాగులో జారిపడిన సంగతి, చెప్పులు కొట్టుకుపోయిన సంగతి కూడా చెప్పారు. మంచం ఎదురుగా గోడ మీద అక్టోబరు బొమ్మ ఉంది. టీ తాగి లేవబోతుంటే ఆయన గొంతు సవరించుకున్నారు. దుప్పటి అంచు సర్దారు. మళ్లీ సవరించుకున్నారు.

"ఒక మాట బ్రదర్. గురువారం మా వదినగారు వస్తున్నారు, నాకు సాయానికి. విమలకి డ్యూటీ. జోసఫిన్‌కి ఇంటర్వ్యూ ఉంది." ఇంకా ఏదో చెప్పబోయి ఆగారు. చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఆరేళ్లలో ఆయన ఇంకొకరిని సాయం అడగడం అదే మొదలు.

గురువారం నాకు ఆఫీసులో రెండు మీటింగులున్నాయి. "ప్రార్థన చేసి..." అని నా నోరు అలవాటుగా మొదలుపెట్టేసింది. అక్కడితో ఆపాను. ఆయన తల ఊపుతున్నారు, పర్లేదండి అన్నట్టు. ఈ మధ్యలో ఎవరో ఆయనకు ఆ మాట అర్థం చెప్పేసినట్టున్నారు.

మళ్లీ కూర్చున్నాను.

"టెర్మినల్ ఏదండి?" అన్నాను.